చలి పడని మనిషి

మా తమ్ముడు మాట్లాడాలంటే ముందు నోట్లోంచి మేకులు తీయాలి. సోఫాలు, కుర్చీలు బాగుచేసే పని వాడిది. చిన్న మేకులు గుప్పెడు తీసుకుని నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కటీ పెదవుల మధ్యకి తోస్తే, అయస్కాంతం మొన ఉన్న సుత్తి దాన్ని అందుకుంటుంది, రెండు దెబ్బల్లో చెక్కలోకి దిగిపోతుంది. ఇప్పుడందరూ గన్ను పెట్టి టకటకా పిన్నులు కొట్టేస్తున్నారు గానీ పాత కుర్చీకి మేకే న్యాయమని వీడి పట్టుదల. పొద్దస్తమానం నోరు మేకులతో నిండి ఉండేవాడికి మాటలెక్కణ్ణుంచి వస్తాయి? వీధిలో అందరూ వాణ్ణి ‘మేకు’ అనే పిలుస్తారు. అలా పిలిస్తే వాడికి కోపం కూడా రాదు. మా ఇద్దరికీ పంచాల్సిన కోపమంతా పుట్టించినవాడు నా ఒక్కదానికే ఇచ్చేశాడు.

నేను వాడి అక్కని. అదే షాపులో కుట్టుమిషను నాది. చెక్క, స్ప్రింగులు, ఫోం వాడు చూసుకుంటే, గుడ్డా రెక్సినూ నేను కుడతాను. వాడు మాట్లాడని మాటలు కూడా నేనే మాట్లాడేస్తానని మా మరదలు ఎగతాళి చేస్తుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని నాకూ తెలుసు, దాచుకోవడం దేనికి?

మరదలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. మావాణ్ణి చేసుకునేనాటికే ఆమెకి రెండేళ్ళు నిండీ నిండని పాప. మొదటి భర్త విడాకులు తీసుకుని వేరే దేశం వెళ్ళిపోయాడు. ఇప్పుడు పాపకి ఏడేళ్ళు. మావాడికీ మరదలికీ పుట్టిన బుజ్జిగాడికి మూడు. బుజ్జిగాడు ఊపిరి తీసిన ప్రతిసారీ “నాన్నా” అంటాడు. పాప మాత్రం మావాణ్ణి ఏమీ అనదు. అంకుల్ అని కూడా అనదు. పిలుపు లేకుండా మాట్లాడటం దానికి వెన్నతో పెట్టిన విద్య. “లేసు ఊడిపోయింది” అని గాలికి చెప్తుంది, వాడు వంగి కడతాడు. “అమ్మ రమ్మంటోంది” అని గుమ్మానికి చెప్తుంది, వాడు లేచి వెళ్తాడు. నన్ను మాత్రం నోరారా అత్తా అంటుంది. నేను అత్తనైతే వాడేమవుతాడే పిచ్చిపిల్లా అని అడగాలని ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో! ప్రతిసారీ వాడే కళ్ళతో ఆపేవాడు.

దాని నాన్న దానికి ఫోన్లో ఉన్నాడు. ప్రతి ఆదివారం సాయంత్రం మరదలు ఫోను కలిపి పిల్ల చేతిలో పెట్టి, ఆ గొంతు చెవిన పడకుండా వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పుతుంది. పాప సోఫాలో మఠం వేసుకుని కూర్చుని, తెరమీద కనపడే మనిషితో గలగలా మాట్లాడుతుంది. “మా నాన్న చాలా బిజీ అత్తా, ఎప్పుడూ కార్లోనే ఉంటాడు” అని నాకు గొప్పగా చెప్పేది. నేనూ అవునేమో అనుకునేదాన్ని.

సెలవులకి బయటి దేశం వెళ్దామన్న మాట తమ్ముడి నోట వచ్చినరోజు నేను సూది వేలికి గుచ్చుకున్నాను. విమానం నేలమీద ఉండగా ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. మూడేళ్ళవాణ్ణి పక్కవీధి దాకా తీసుకెళ్ళాలంటేనే సగం ఇల్లు సంచిలో సర్దాలి.

“ఆలూ లేదు, చూలూ లేదు, విమానం టికెట్లా? బుజ్జిగాడికి ఏం గుర్తుంటుందిరా? ఇంకో నాలుగేళ్ళు ఆగు” అన్నాను.

వాడు మేకులన్నీ డబ్బాలో ఉమ్మి, నోరు తుడుచుకున్నాడు. అంటే పెద్దమాటే రాబోతోందని అర్థం.

“బుజ్జిగాడి కోసం కాదక్కా. మా ఇంట్లో ఏ జ్ఞాపకం తీసినా సగం మందిదే. పాప నడక నేర్చినప్పుడు నేను లేను. అది మొదటిసారి నవ్విన సంగతి వాళ్ళమ్మకి తెలుసు, నాకు తెలీదు. అందరికీ మొదటిసారి అయ్యేది ఒక్కటుంటే… పాప పెద్దయ్యాక తలుచుకుంటే అందులో నేను కూడా ఉండాలి.”

వేలు చప్పరించుకుంటూ మిషను తొక్కాను. మేకుగాడికి అంత ఆశ లోపల ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది తేల్చడానికి వాడు షాపు పద్ధతే పెట్టాడు. మా దగ్గరికి సోఫా తెచ్చినవాళ్ళు గుడ్డ ఎంచుకోవడానికి తొందరపడితే వాడు ఒప్పుకోడు. మూడు రకాల ముక్కలు కత్తిరించిచ్చి, ఇంటికి తీసుకెళ్ళి కుర్చీమీద పరుచుకోండి, పొద్దున చూడండి, దీపాల వెలుగులో చూడండి, కంటికి అలవాటయ్యాక కూడా ఏది బాగుంటే అది చెప్పండి అంటాడు. ఇక్కడా అంతే. ఎవరికి నచ్చిన చోటు బొమ్మ వాళ్ళు తేవాలి, భోజనాల బల్ల ఎదురుగా గోడకి అంటించాలి, కొన్నాళ్ళు దానితో కాపురం చెయ్యాలి, ఆ తర్వాతే మాట.

మరదలు సముద్రం బొమ్మ తెచ్చింది. తెల్ల ఇసుక, లోతు లేని నీళ్ళు, పిల్లలు ఆడుకునే చిన్న కెరటాలు. బుజ్జిగాడు జిరాఫీలున్న పార్కు బొమ్మ తెచ్చి, తలకిందులుగా అంటిస్తేనే బాగుందని మంకుపట్టు పట్టాడు. పాప మా షాపులో పడున్న పాత పత్రికలన్నీ తిరగేసి, ఒక మంచు ఊరి బొమ్మ కత్తిరించుకొచ్చింది. వంతెన, దానిమీద ట్రాము, ఇళ్ళ కప్పులన్నీ తెల్లగా. దాన్ని తన కుర్చీకి సరిగ్గా ఎదురుగా అంటించుకుంది.

తమ్ముడు భోజనం చేస్తూ బొమ్మల్ని చూడలేదు, చూసేవాళ్ళని చూశాడు. సముద్రం బొమ్మ మరదలికే రెండ్రోజుల్లో పాతబడింది. జిరాఫీని బుజ్జిగాడు మర్చిపోయి, దాని మూలని పీకి నోట్లో పెట్టుకున్నాడు. పాప మాత్రం పొద్దున పాలు తాగుతూ మంచు ఊరినే చూసేది, బడినుంచి వచ్చి సంచి దించకుండానే చూసేది. ఆ వారంలోనే మరదలు తన కుర్చీ మార్చి గోడకి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. ఫ్యాను గాలి కోసం అనుకున్నాం అందరం.

“దానికి మంచంటే ప్రాణం అక్కా. ఇన్నాళ్ళకి దానికేం కావాలో నాకు తెలిసింది” అని వాడు షాపులో నాకు చెప్పినప్పుడు వాడి మొహం చూడాలి! ఏళ్ళతరబడి తాళంచెవి దొరకని పెట్టె తెరిచినవాడిలా ఉన్నాడు.

ఆ సాయంత్రమే బల్లదగ్గర ప్రకటించాడు. “మంచు ఊరికి వెళ్తున్నాం.”

పాప చెంచా కింద పెట్టేసింది. “నిజంగానా?” అని సూటిగా వాడి కళ్ళలోకి చూసి అడిగింది. గాలినీ కాదు, గుమ్మాన్నీ కాదు, వాణ్ణి అడిగింది. అడిగి ఊరుకోకుండా వాడి మోచెయ్యి పట్టుకుంది. తమ్ముడు ఆ చేతిని కదపకుండా ఎడంచేత్తో భోజనం ముగించాడు. మరదలు మాత్రం గోడకేసి చూడకుండానే కంచాలు తీసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె షాపుకొచ్చింది. పనికి వెళ్ళే దారిలో ఎప్పుడూ ఆగని మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ దేశం వద్దు” అంది.

“ఎందుకు? పాపకి మంచంటే…”

“మంచు కాదు. వాళ్ళ నాన్న ఉండేది అక్కడే. ఆ వంతెన కనపడేలా కారు ఆపి ఫోన్ చేస్తాడు. నాకు మొదటిరోజే తెలుసు. మీరు వేరేదేదో ఎంచుతారులే అని నోరుమూసుకున్నాను.”

తమ్ముడి చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీడు అన్నం మానేసి మరీ చూసింది పిల్ల చూపునే అన్నమాట, ఆ చూపు పోయే చోటుని కాదు. గుడ్డముక్కల తెలివి మనుషుల దగ్గర పనికిరాదని ముందే చెప్పలేకపోయానే అనిపించింది. వాడి మొహంలో రక్తం మెల్లగా దిగిపోవడం చూస్తే ఆ మాట అనబుద్ధి కాలేదు.

వాడు సుత్తి బల్లమీద పెట్టి అన్నాడు. “పోనీ వెళ్దాం. పిల్ల తన నాన్నని చూడాలనుకోవడం తప్పా?”

“మీకు బాధ లేదా?” అంది మరదలు.

“ఉంది. అయితే?” అన్నాడు వాడు. “నా బాధ కోసం దాన్ని ఆపుతానా?”

మరదలు కళ్ళు తుడుచుకుని, మీ ఇష్టం, నాకు మాత్రం ఆ మనిషి మొహం చూపించకండి అని వెళ్ళిపోయింది. ఎలాగూ పాప పాస్‌పోర్టుకి కన్నతండ్రి సంతకం కావాలి. ఆయనతో మాట్లాడే పని తనమీద వేసుకున్నాడు తమ్ముడు. పాపకి మాటిచ్చాడట కూడా. నాన్నకి చెప్పకూడదు, ఒక్కసారిగా ఎదురుగా వెళ్ళి నిలబడాలి అని అది వాడి చెవిలో చెప్పిందట. చెవిలో! ఆ సంగతి చెప్తున్నప్పుడు వాడు ఆ చెవినే తడుముకుంటున్నాడు.

ఫోన్ చేసిన మధ్యాహ్నం వాడి చేతులనిండా జిగురు. ఫోను నా మిషను బల్లమీద పెట్టి స్పీకరు వేశాను. పిల్లకిచ్చిన మాట కాస్త తప్పక తప్పదు, సంతకానికి కారణం చెప్పాలి కదా అని సణుక్కుంటూనే ఉన్నాడు వాడు.

“నమస్తే అండీ. నేను… పాప వాళ్ళింటినుంచి మాట్లాడుతున్నాను” అన్నాడు. తనెవరో చెప్పుకోవడానికి వాడికీ పేరు దొరకలేదు.

“ఆ, చెప్పండి చెప్పండి! పాప బాగుందా?” గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. సెలవులు, పాస్‌పోర్టు, సంతకం అన్నీ విని, “దానికేముందండీ, ఇవాళే పంపిస్తాను. మంచిపని చేస్తున్నారు. ఎక్కడికి వెళ్తున్నారేమిటి?” అన్నాడు.

“మీ ఊరికేనండీ. పాపే ఎంచింది. మీకు చెప్పొద్దంది, మీరు కూడా తెలీనట్టే ఉండండి.”

అటువైపు అడుగులు, కారు తలుపు వేసిన శబ్దం. అప్పుడు వచ్చిన గొంతు వేరే.

“ఇక్కడికి వద్దండీ.”

“ఏమండీ?”

“తప్పుగా అనుకోకండి. మా ఆవిడకి పాప సంగతి తెలీదు. మొదట్లో చెప్పలేదు, ఇప్పుడు చెప్పే పరిస్థితి కాదు.”

ఆదివారం ఫోన్లన్నీ కార్లోంచే ఎందుకొస్తాయో నాకు అప్పుడు తెలిసింది. మిషను చక్రం పట్టుకుని కూర్చుండిపోయాను.

“మీ ఇంటికి రాంలెండి” అన్నాడు తమ్ముడు. వాడి గొంతు బతిమాలుతున్నట్టయిపోయింది, నాకది భరించలేనట్టుగా ఉంది. “బయటెక్కడైనా ఒక్క గంట కలవండి. పార్కులోనో ఎక్కడో. మేం దూరంగా నిలబడతాం.”

“ఇక్కడ మావాళ్ళు చాలామంది ఉన్నారండీ. ఎవరో ఒకరు చూస్తారు. మీరు ఇంకెక్కడికైనా తీసుకెళ్ళండి, పాపకి ఏదో ఒకటి చెప్పండి. చిన్నపిల్ల, మర్చిపోతుంది. సంతకం మాత్రం ఇవాళే పంపిస్తా.”

తమ్ముడు జిగురు చేతుల్ని చూసుకున్నాడు. “సరేనండీ. ఆదివారం ఫోన్ మాత్రం మానకండి” అని, ఫోను పెట్టెయ్యమని నాకు సైగ చేశాడు.

నేను లేచాను. నా నోటికి వచ్చినవన్నీ ఇక్కడ రాయలేను. వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి చూశారన్నది మాత్రం నిజం.

“ఇప్పుడే ఇంటికెళ్ళి చెప్పేస్తాను. ఆ పిల్లకీ, దాని తల్లికీ! మెత్తగా మాట్లాడి గొంతులు కోసేవాడు వాడు, నువ్వు వాడికి నమస్తే పెడతావా?”

“అక్కా, కూర్చో. ఏమని చెప్తావు? మీ నాన్న నిన్ను ఎవరికీ కనపడకుండా దాచాడని ఏడేళ్ళ పిల్లకి చెప్తావా?”

“మరదలికైనా చెప్పు.”

“తనకి తెలిస్తే ఆరోజే ఫోను బంద్. పాపకి ఆదివారం పోతుంది. అది వారమంతా ఆ రోజు కోసమే చూస్తుంది, నువ్వు చూట్టంలేదా?”

“మరి వెళ్ళట్లేదని ఎలా చెప్తావురా?”

“నాకిష్టం లేదని చెప్తా. నామీద కోపమైతే రెండ్రోజులు ఏడ్చి నిద్రపోతుంది. నాన్న వద్దన్నాడంటే దానికి నిద్ర పట్టదు.” ఆగి నావైపు చూశాడు. “అక్కా, నీ సంగతే నాకు భయం.”

“పెదవి దాటనివ్వను” అన్నాను.

“నీ పెదవా!” అని నవ్వాడు, ఏడుపు మొహంతోనే. “పోనీ నువ్వూ నాలుగు మేకులు నోట్లో పెట్టుకో.”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేనూ ఉన్నాను. రానని ఎంత మొండికేసినా వాడే తీసుకెళ్ళాడు, తోడుగా ఉండమన్నాడు. పాప మంచులో ఏ బూట్లు వేసుకోవాలో బుజ్జిగాడికి పాఠం చెప్తోంది.

“మంచు ఊరికి వెళ్ళట్లేదు. నాకు చలి పడదు. సముద్రానికి వెళ్దాం” అన్నాడు వాడు, కంచంలోకి చూస్తూ.

నాకు ఆ అబద్ధం విని తల కొట్టుకోవాలనిపించింది. చలికాలంలో షాపు తలుపులు బార్లా తెరిచి, చేతుల్లేని బనీనుతో పనిచేసే మనిషి! ఇంతకన్నా మంచి అబద్ధం దొరకలేదా?

పాపకీ ఆ మాటే తట్టింది. “చలికాలంలో చన్నీళ్ళు పోసుకుంటారుగా!”

“ఇక్కడి చలి వేరు, అక్కడి చలి వేరు. నాకు ఛాతీ పట్టేస్తుంది.”

“అయితే మీరు రాకండి. మేం వెళ్తాం.”

“పాపా!” అంది మరదలు.

“వెళ్తామని చెప్పి ఎందుకు వద్దంటున్నారు? అసలు ఆయనెవరు చెప్పడానికి?”

మరదలు చెయ్యెత్తింది. తమ్ముడు ఆ చెయ్యి మధ్యలోనే పట్టుకున్నాడు. “కొట్టకు. కోపం వచ్చింది, రానీ” అన్నాడు. పాప కుర్చీ ఎక్కి మంచు ఊరి బొమ్మని గోడమీంచి చీరేసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బుజ్జిగాడు ఎవరూ ఏమీ అనకుండానే ఏడుపు అందుకున్నాడు.

వంటింట్లో మరదలు నా భుజంమీద తల పెట్టింది. “నాకోసమే చేశారు వదినా. నాకిష్టం లేదని తనమీద వేసుకున్నారు. ఇంత మంచితనం నేను తట్టుకోలేను” అని వెక్కిళ్ళు. ఆమె చేసింది పెద్ద పొరపాటు, మా అందరికీ పనికొచ్చే పొరపాటు. మింగలేక కక్కలేక ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. తమ్ముడు సముద్రం ఊరు గురించి ఒక్కొక్కటే కనుక్కుంటున్నాడు. బుజ్జిగాడి చెవులు నొప్పెట్టకుండా ఎక్కడా దిగి మారని విమానం, గదిలోంచి నాలుగడుగుల్లో నీళ్ళు, పిల్లలకి కారంలేని భోజనం. ప్రతిదీ ఇంటికొచ్చి పాప వినేలా చెప్పేవాడు. అది పుస్తకంలోంచి తల ఎత్తేది కాదు. ఇప్పుడు గాలికి కూడా ఏమీ చెప్పడం లేదు. బూటు లేసు తనే కట్టుకోవడం నేర్చుకుంది, వంకరగా, వదులుగా. అది చూసి తమ్ముడు బయటికి వెళ్ళి, పనేమీ లేకపోయినా స్కూటరు తుడిచాడు.

ఆదివారం వచ్చింది. మరదలు ఫోనిచ్చి లోపలికి వెళ్ళింది, పంపు శబ్దం మొదలైంది. నేను బుజ్జిగాడి చొక్కాకి గుండీ కుడుతూ అక్కడే ఉన్నాను. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నాన్నా, నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను” అంది పాప. “మేం మీ ఊరు వద్దామనుకున్నాం. కానీ ఆయన వద్దన్నారు. ఆయనకి చలి పడదట.”

నా సూది ఆగిపోయింది. ఆ మనిషి ఏమంటాడా అని ఊపిరి బిగబట్టాను. కాస్త సిగ్గుండి మాట మారిస్తే చాలనుకున్నాను.

“అయ్యో తల్లీ! అవునా?” అన్నాడు ఆ మెత్తటి గొంతుతో. “వచ్చుంటే ఎంత బాగుండేది! మనిద్దరం మంచులో ఎంత ఆడుకునేవాళ్ళం! పోన్లే, ఏం చేస్తాం, అంకుల్‌కి చలి పడదు కదా పాపం.”

లేచి నిలబడ్డాను. గుండీ ఎటో దొర్లిపోయింది. ఫోనుకీ నాకూ మధ్య రెండడుగులు కూడా లేవు. ఆ పంపు కట్టేయించి, మరదల్ని పిలిచి, ఆ తెరమీది మొహం ముందు అన్నీ కడిగి పారేద్దామని నోరు తెరిచాను కూడా. గుమ్మంలోంచి తమ్ముడు తల అడ్డంగా ఊపి, కళ్ళతో పాపకేసి చూపించాడు. పాప కన్నీళ్ళు తుడుచుకుంటూ తెరకేసి నవ్వుతోంది. వాడు చూపించింది ఆ నవ్వునే.

నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని, బకెట్టులోకి నీళ్ళు వదిలి, నాకొచ్చిన తిట్లన్నీ ఆ నీళ్ళకి చెప్పాను. బయటికి వచ్చేసరికి ఫోన్ అయిపోయింది. వాడు నేలమీద వంగి గుండీ వెతుకుతున్నాడు.

నన్ను కూడా ప్రయాణానికి లాక్కెళ్ళింది మరదలే. నాకు విమానమంటే గుండెదడ, సముద్రమంటే అంతకన్నా దడ. బుజ్జిగాడు నాకు చేరికని, పాప నాతో ఒక్కదానితోనే మాట్లాడుతోందని, నువ్వు రాకపోతే మేమూ వెళ్ళమని కూర్చుంది. వెళ్ళేముందు రోజు పాప నన్ను అడిగింది. “అత్తా, ఆయన నిజంగా చలికి భయపడతారా, నేనంటే ఇష్టంలేక అలా అన్నారా?” సర్దుకో, టైమవుతోంది అని కసిరాను. ఆ మొహం చూస్తే నిజం దానంతటదే జారిపోయేలా ఉంది.

విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే కౌంటరు దగ్గర మా వంతు వచ్చింది. బుజ్జిగాడు నా భుజంమీద నిద్రపోతున్నాడు. అద్దం వెనకాల ఆఫీసరమ్మ ఒక్కొక్క పాస్‌పోర్టూ తెరిచి మా మొహాలు చూస్తోంది. పాపది తెరిచి ఆగింది. మళ్ళీ తమ్ముడిది తెరిచింది. రెంటినీ పక్కపక్కన పెట్టింది.

“ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయేం?”

మరదలు గబగబా కన్నతండ్రి సంతకం పెట్టి పంపిన కాయితం ఇచ్చింది. “పాప నా మొదటి…” అని చెప్పబోతుంటే ఆఫీసరమ్మ చెయ్యెత్తి ఆపింది.

“మీరు కాదు. పాపే చెప్పాలి. మీరెవరూ అందించకండి.” కుర్చీలోంచి కాస్త లేచి కిందికి వంగింది. “పాపా, భయపడకు. నిన్ను ఎక్కడికి తీసుకెళ్తున్నారో తెలుసా?”

“సముద్రానికి.”

“నీకు ఇష్టమేనా?”

పాప వంకరగా కట్టుకున్న లేసుకేసి తల దించుకుంది. మా వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆఫీసరమ్మ మొహంలో చిరునవ్వు తగ్గింది. పక్క కౌంటరులో ఉన్నాయన కూడా ఇటు తిరిగాడు.

“మీ నాన్న ఎక్కడున్నారమ్మా?”

పాప ఆ మంచు దేశం పేరు చెప్పింది.

“అయితే మరి ఈయనెవరు?”

ఎవరూ కాదని, తెలీదని, అమ్మ వాళ్ళాయనని, ఏమన్నా అనొచ్చు. ఏమన్నా న్యాయమే. అది ఒక్కమాట తప్పుగా అంటే మమ్మల్ని పక్కగదిలోకి తీసుకెళ్తారు, ఆ కాయితం నిజమా కాదా అని ఆయనకి ఫోన్ చేస్తారు, అన్నీ బయటపడతాయి. మరదలు చెయ్యి నా చేతిని నొక్కేస్తోంది. తమ్ముడు కౌంటరు అంచుమీద రెండు చేతులూ పెట్టి, ఎదురుగా గోడకేసి చూస్తున్నాడు. పిల్లని ఒక్క చూపుతో కూడా బతిమాలలేదు. పిచ్చివాడు, ఇప్పుడన్నా చూడరా దానికేసి అని నాకు అరవాలనిపించింది.

పాప తలెత్తి వాణ్ణి చూసింది. కోపంగానే చూసింది.

“ఈయన ఇంట్లో ఉండే నాన్న” అంది. ఏదో నేరం చెప్తున్నట్టు ఇంకా గట్టిగా అంది, “మా నాన్న దగ్గరికే వెళ్ళాలి మేము. ఈయనకి చలి పడదని తీసుకెళ్ళట్లేదు.”

ఆఫీసరమ్మ మొహం విచ్చుకుంది. ముద్ర చేతిలోకి తీసుకుంది. “ఏమండీ, పిల్లని అంత ఏడిపిస్తారా? నిజంగా అంత చలి పడదా మీకు?”

తమ్ముడు కళ్ళలో నీళ్ళతో, మొదటిసారి సాయం కోసం నావైపు చూశాడు. పాప కూడా నావైపే చూస్తోంది, అత్త నిజం చెప్తుందని.

“పడదండీ” అన్నాను. “వీడికి చిన్నప్పట్నుంచీ అంతే.”